"బాగుండా" అనే మాట

నాయనా,

ఈడ అందరం క్షేమం అని మొదలుపెట్టను. ఫోన్‌లో నువ్వు "బాగుండావా పాపా?" అంటే నా నోరు దానంతటదే "బాగుండా నాయనా" అనేస్తుంది. అందుకే ఆళ్లగడ్డకు ఈ ఉత్తరం.

ఇన్నాళ్లూ నేను బాగలేను. నిద్ర పట్టేది కాదు, పుస్తకం తెరిస్తే ఏడుపొచ్చేది. క్లాసులకు పోకుండా హాస్టల్లో దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. నా గదిలో ఉండే ఈశ్వరి ఊరుకోలేదు. నంద్యాల పెద్దాసుపత్రిలో మానసిక డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

ఆమె కూడా "ఎట్లుండావమ్మా?" అనే అడిగింది.

"బాగుండా మేడం."

"బాగుంటే ఈడికెందుకొచ్చినావ్?"

అప్పుడు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "బాగలేను మేడం" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు.

మందులు వేసుకుంటున్నాను, ఆమెతో మాట్లాడుతున్నాను. ఇప్పుడు నిద్ర పడుతోంది. మొన్న సెమినార్లో క్లాసంతటి ముందు నిలబడి మాట్లాడాను నాయనా! ఈ పొద్దు మెస్సులో ఉగ్గాని మళ్లీ అడిగి వేయించుకున్నాను.

ఈ ఉత్తరం అందిన రోజు ఫోన్ చెయ్యి. "బాగుండా" అంటాను. ఈసారి అది నిజం.

తర్వాత "నువ్వు బాగుండావా నాయనా?" అని నేనడుగుతాను. అమ్మ పోయినప్పటి నుంచి నువ్వూ అదే మాట అంటాండావు. ఈసారి ఆలోచించి చెప్పు.

నీ పాప