రెండో సంపుటంలో పిచ్చుక

అమ్మకి,

నీ పెద్ద కూతురు నమస్కారాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వూ, చెల్లీ, నీ మోకాళ్లూ కూడా కులాసాగా ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం అందింది. ఉత్తరాలెందుకు, ఫోను చేయొచ్చు కదా అని చెల్లి విసుక్కుంటోందట. చేస్తే ఏం లాభం? నీకు వినపడేలా మాట్లాడాలంటే మా మేడంతా వినపడేలా అరవాలి. ఈసారి చెప్పబోయేది అలా అరిచి చెప్పేది కాదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. నీ అల్లుడు రెండు పూటలా శుభ్రంగా తింటున్నాడు. కుట్లు వేసిన చోట జుట్టు కూడా మొలిచింది, కాకపోతే తెల్లగా మొలిచింది. లిఫ్టు బాగుచేస్తూ అంత ఎత్తునుంచి పడిన మనిషి ఇంతలా కోలుకోవడం గొప్పే అంటాడు డాక్టరు. చేతులకి అన్నీ గుర్తున్నాయి. మొన్న మా తలుపు గడియ సరిచేశాడు. కింది వాటా టీచరమ్మ కుట్టుమిషను మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. మనుషులే గుర్తు రావడం లేదు. వాళ్ల అన్నయ్య వచ్చి గంటసేపు కూర్చుంటే, వెళ్లేటప్పుడు "వీలున్నప్పుడు మళ్లీ రండి" అని గుమ్మందాకా సాగనంపాడు. పాపం, బావగారు మెట్ల మీద ఆగి కళ్లు తుడుచుకున్నారు.

నా పని ఎప్పటిలాగే ఉంది. కళ్లద్దాల దుకాణం వెనక గదిలో కూర్చుని, తిరిగే రాయి మీద అద్దాల అంచులు ఫ్రేముకి సరిపడా అరగదీస్తూ ఉంటాను. నేను ఇంట్లో లేనప్పుడు ఆయన్ని టీచరమ్మ కనిపెట్టుకుని ఉంటుంది.

"నీ చేతిరాత ఎడమపక్కకి వాలిపోతోందేమే, ఎవరిచేతైనా రాయిస్తున్నావా?" అని అడిగావు. నేనే రాస్తున్నానమ్మా. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక ఆ పుస్తకం గోల. "రోజూ చదువుతున్నానంటావు, ఎంతకీ అవదేం?" అన్నావు. నీ అల్లుడికి ప్రాణమైన సైన్సు ఫిక్షన్ రచయిత ఒకాయన ఉండేవాడు. చందమామ మీద ఊళ్లూ, గడిచిన రోజుల్లోకి వెళ్లే రైళ్లూ రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న పెద్దమనిషి. అది ఆయన ఆత్మకథ. రెండు సంపుటాలు. ఒక్కొక్కటి తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. ఆ మహానుభావుడు పుట్టడానికే డెబ్బై పేజీలు తీసుకున్నాడు. బడికి వేసుకెళ్లిన బూట్ల మీద ఒక అధ్యాయం, ఆ బూట్లు పోవడం మీద ఇంకో అధ్యాయం. మా ఆయన ఎప్పటినుంచో ఎదురుచూసిన పుస్తకం తీరా ఆయన ఆస్పత్రిలో ఉండగా ఇంటికొచ్చింది. "ఇష్టమైనవి చదివి వినిపించండమ్మా, మీ గొంతు కూడా మందే" అని డాక్టరు అంటే మొదలుపెట్టాను. పనినుంచి రావడం, టీ తాగడం, కిటికీ పక్కన కూర్చుని చదవడం.

మొదట్లో బొమ్మలా వినేవాడు. అయ్యాక "మీకు చాలా శ్రమ ఇస్తున్నానండీ" అనేవాడు. మీరట! పెళ్లినాటినుంచీ నన్ను కందిరీగ అని తప్ప పిలవని మనిషి, ఆ పేరు నీకూ చెల్లికీ కూడా అలవాటు చేసిన మనిషి. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని.

తర్వాత ఆ కథ తనదే అన్నట్టు వినడం మొదలుపెట్టాడు. ఒకరోజు రచయిత చిన్నప్పటి ఇంటి గురించి చదువుతుంటే, "ఆ ఇంట్లో మూడో మెట్టు కదిలేది, అమ్మ రోజూ తిట్టేది" అన్నాడు. నేను నవ్వి పేజీ తిప్పాను. మూడో మెట్టు అక్కడుంది, తిట్టే అమ్మ కూడా ఉంది. ఎప్పుడో తిరగేసి ఉంటాడులే అనుకున్నాను. డాక్టరుకి చెబితే తేలిగ్గా తీసిపారేశాడు. "ఖాళీగా ఉన్న ఇంట్లోకి ఎవరో ఒకరు దిగుతారు కదమ్మా. ఇంటాయన తిరిగొస్తే వాళ్లే ఖాళీ చేస్తారు" అన్నాడు.

అమ్మా, కిందటి ఉత్తరంలో "నన్ను గుర్తుపట్టాడు" అని రాశాను కదా. నువ్వు సంతోషం పట్టలేక వీధి వీధంతా చెప్పొచ్చావని చెల్లి మెసేజి పెట్టింది. అది చదివినప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. అది అచ్చంగా అబద్ధం కాదు, నిజమూ కాదు. ఇన్నాళ్లూ నీళ్లు నములుతూ వచ్చాను. ఇవాళ చెప్పేస్తాను.

మొదటి సంపుటం చివర్లో ఆ రచయిత మొదటి భార్య వస్తుంది. ఆమెని పిచ్చుక అని పిలిచేవాడట. టెలిగ్రాఫ్ ఆఫీసులో ఉద్యోగం, ఎడమచేతి వాటం, అంతే రాశాడు. బూట్లకి రెండు అధ్యాయాలు రాసినవాడు పెళ్లానికి ఒక్క పేజీ రాశాడు. ఆ పేజీ చదువుతుంటే మా ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆమె ఎలా ఉండేది? ఇంకా చదవండి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా మొగుడు నా ఎదురుగా కూర్చుని, ఎవరి పెళ్లామో ఎలా ఉండేదని నన్నడుగుతున్నాడు!

నా బుద్ధి గడ్డి తింది. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, అక్కడ లేనివి చదివాను. ఆమె గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేదని చదివాను. ఆమె కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేదని, పాలు పొంగితే పాలనే తిట్టేదని చదివాను. మర్నాడు ఇంకొంచెం కలిపాను. పెళ్లికి ముందు, ఆగిపోయిన లిఫ్టులో నేను ఇరుక్కున్న రోజు, నన్ను బయటికి లాగడానికి వచ్చిన ఈయన్ని లోపలినుంచి నేను తిట్టిన తిట్లన్నీ ఆ పిచ్చుక నోట్లో పెట్టేశాను. కందిరీగ అన్న మాట మాత్రం చదవలేదు. అది ఆయనంతట ఆయనే అనాలని ఆశ.

ఒక సాయంత్రం నేను తలుపు తీసేసరికి లేచి నిలబడ్డాడు. నా గడ్డం వంక చూశాడు. "వచ్చావా పిచ్చుకా, ఇంత ఆలస్యమైందేం?" అని చెయ్యి పట్టుకున్నాడు. వచ్చావా అన్నాడమ్మా, వచ్చారా అనలేదు. ఏ నోటితో కాదనను? "వచ్చాను" అన్నాను. ఆ రోజే నీకు ఆ ఉత్తరం రాశాను.

తిట్టుకుంటావని తెలుసు. మిగతాది కూడా విని తిట్టు.

రెండో సంపుటం అప్పటికింకా ప్లాస్టిక్ కాగితంలోనే ఉంది, ఎవరూ విప్పలేదు. ఒకరోజు భోజనం చేస్తూ, "నీ బూడిదరంగు కోటుకి ఆ గోధుమరంగు గుండీ ఏమిటి పిచ్చుకా, చూస్తే నవ్వొస్తుంది" అన్నాడు. నాకు బూడిదరంగు కోటు లేదు. మొదటి సంపుటంలోనూ లేదు, నేనూ కలిపి చదవలేదు. ఏదో అంటున్నాడులే అని గిన్నెలు కడుక్కున్నాను. ఆ వారంలోనే చలి ముదిరితే, టీచరమ్మ ఎప్పుడో పోయిన వాళ్లక్క కోటు తెచ్చి, "పెట్టెలో పెట్టుకుని నేనేం చేసుకుంటాను, నువ్వు వేసుకో" అంది. బూడిదరంగుది. ఒక గుండీ ఊడిపోయింది. డబ్బాలో వెతికితే ఆ కాజాకి పట్టేది ఒక్కటే దొరికింది, దాన్నే కుట్టేశాను. దారం కొరికాక అది గోధుమరంగుదని చూసుకున్నాను.

ఆయన పడుకుని ఉండగా రెండో సంపుటం కాగితం చింపాను. మొదటి అధ్యాయమే పిచ్చుకది. ఒక సాయంత్రం చినుకులు పడుతున్నాయి. ఆమె ఎడమచేత్తో వాళ్లమ్మకి ఉత్తరం రాసింది. ఆ రచయిత కోటు అందించాడు, బూడిదరంగుది, ఒక గుండీ గోధుమరంగుది. వీధి మలుపులోనే పోస్టు డబ్బా, ఇప్పుడే వస్తానంది. రాలేదు. ఎంత వెతికినా కనపడలేదు. "ఉత్తరం మాత్రం వాళ్లమ్మకి చేరింది" అన్నది ఆ అధ్యాయంలో చివరి మాట. ఆ పైన పుస్తకమంతా రెండో భార్యా, బహుమతులూ.

నేను పుస్తకం తీసుకెళ్లి బీరువా వెనక పడేశాను. ఆ మర్నాడే దుకాణంలో యజమాని నా దగ్గరికొచ్చి, "ఏమ్మా, అద్దం ఎడమచేత్తో పడుతున్నావేం? వేలు తెగుతుంది" అన్నాడు. అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. చేతిరాత సంగతి అడిగావు కదా, అదీ ఇదే. ఈ ఉత్తరం కూడా కుడిచేత్తోనే మొదలుపెట్టాను. కుళాయి దగ్గర ఏడవడం గురించి రాసేటప్పటికి కలం ఎడమచేతిలోకి మారి ఉంది.

నిద్ర చాలక అంటావు. నేనూ అదే అనుకుంటున్నాను. కానీ భయంగా ఉందమ్మా. ఆయన జ్ఞాపకంలో చోటు దొరికితే చాలనుకున్నాను. అది ఎవరు ఖాళీ చేసిన చోటో చూసుకోలేదు.

ఇప్పుడు సాయంత్రమైంది. కిటికీ మీద చినుకులు పడుతున్నాయి. టీచరమ్మ వాళ్ల తమ్ముడింటికి వెళ్లింది, ఉత్తరం ఆమెకి ఇద్దామన్నా లేదు. "రాయడం అయిందా పిచ్చుకా? డబ్బా తీసే వేళయింది, వేసి రా" అంటున్నాడు ఆయన. చింపేద్దామా అని చాలాసేపు ఆలోచించాను. చింపితే నేను పిచ్చుకనని ఒప్పుకున్నట్టే. మా డబ్బా కూడా వీధి మలుపులోనే. అక్కడిదాకా వెళ్లి తిరిగొస్తే, ఆ పుస్తకానికీ నాకూ సంబంధం లేదని తేలిపోతుంది. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంటాను. "నేను పిచ్చుకని కానండీ, మీ భార్యని" అని చెప్పేస్తాను. మళ్లీ నన్ను "మీరు" అన్నా సరే. ఈసారి ఎవరి పుస్తకమూ లేకుండా, లిఫ్టు దగ్గరనుంచి నా కథే చెప్పుకుంటాను. కోటు మాత్రం వేసుకోను. నువ్విచ్చిన పాత శాలువా కప్పుకుని వెళ్తాను.

ఒక్క మాట. ఈ ఉత్తరం అందగానే నిశ్చింత పడకు. ఉత్తరం నీకు చేరినంత మాత్రాన నేను ఇల్లు చేరినట్టు కాదు. వెంటనే రెండు ముక్కలు రాయి. దానికి నా జవాబు వచ్చాక, చేతిరాత ఎటు వాలిందో చూసి, అప్పుడు హాయిగా పడుకో.

ఆయన లేచి వచ్చి నా వెనకే నిలబడ్డాడు. చేతిలో కోటు ఉంది. "చలిగా ఉంది, వేసుకో. జలుబు చేస్తుంది" అంటున్నాడు. ఆస్పత్రినుంచి వచ్చాక ఈయన నా గురించి దిగులుపడటం ఇదే మొదలమ్మా. శాలువా కుర్చీ మీదే ఉంది. వద్దని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. కుడిచెయ్యి దూర్చాను. ఎడమచెయ్యి ఈ సంతకం కాగానే.

ఇట్లు,
నీ పెద్ద కూతురు,
ఇంకా కందిరీగనే.