పక్కావిడ కాగితం

చిరంజీవి పెద్దమ్మాయికి, అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నీ తమ్ముడూ కోడలూ మనవడూ క్షేమం. నా సంగతి విడిగా రాస్తాను. అక్కడ మీరంతా బాగున్నారని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అన్నం తింటున్నాను, సగం కంచానికే దవడ అలిసిపోతోంది. ఎడమ కనురెప్ప మధ్యాహ్నానికల్లా దుకాణం కట్టేస్తోంది. మొన్న మనవణ్ణి చూసి నవ్వితే, "నాన్నమ్మా, ఎందుకు కోప్పడుతున్నావ్?" అన్నాడు వెధవ. ఒంట్లోని కాపలాదార్లే నన్ను దొంగనుకుని, నరం చెప్పిన మాట కండరానికి అందకుండా అడ్డుపడుతున్నారని డాక్టరు చెప్పాడు కదా. ముప్పై ఏళ్లు బడిని అదుపులో పెట్టినదాన్ని, సొంత ముఖమే మాట వినడం లేదు.

ఆసుపత్రిలో తోడెవరైనా ఉన్నారా అని అడిగావు. ఉన్నారు. నెలనెలా మందు ఎక్కించే గదిలో నా పక్క కుర్చీ ఒక కుట్టుపనావిడది. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. అదే జబ్బు, అదే మందు, సూది గుచ్చే నర్సమ్మ కూడా ఒకతే. కానీ ఆవిడ కిలకిల నవ్వుతుంది. "సూదులు రెండు కనిపిస్తున్నాయండీ టీచరుగారూ, దారం ఏదో ఒకదాంట్లో దూరకపోతుందా!" అంటుంది. గదంతా ఆవిడ వైపే తిరుగుతుంది. నర్సమ్మ దిండు కూడా ముందు ఆవిడకే సర్దుతుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పొరుగు కుర్చీలో జబ్బు కూడా రుచిగానే కనిపిస్తుందని నాకిప్పుడే తెలిసింది. నాకు వాలిపోని ఆవిడ రెప్పల మీద కుళ్లు, అలిసిపోని దవడ మీద కుళ్లు, అన్నిటికంటే ఆ నవ్వు మీద. ఒక నెల ఆవిడ రాలేదు. ఊపిరి అందక ఐసీయూలో చేర్చారన్నారు. పైకి అయ్యో అన్నాను. లోపల హమ్మయ్య అనుకున్నాను. కన్నకూతురికి రాయదగ్గ మాట కాదు, అయినా రాశాను.

ఇక అసలు సంగతి. మందు ఎక్కించే ముందు మాకొక కాగితం ఇస్తారు. గత రెండు వారాల్లో దిగులుగా ఉందా, నిద్ర పట్టక ఇబ్బందిగా ఉందా, ఇలా తొమ్మిది ప్రశ్నలు. ఏడాదిగా అన్నిటికీ "లేదు" దగ్గర టిక్కు కొట్టి, అందరికంటే ముందు ఇచ్చేస్తున్నాను. పరీక్ష కాగితం చేతికొస్తే తప్పు జవాబు రాయడం నా వల్ల కాదు. దిగులనేది తప్పు జవాబని నా లెక్క.

మొన్న ఆవిడ తిరిగొచ్చింది. ఈ నవ్వుల రాణి ఏం రాస్తుందో చూద్దామని మెడ సాచాను. పక్క కాగితంలోకి తొంగిచూశారని ఎంతమందిని బెంచీ ఎక్కించానో నీకు తెలుసు. చచ్చిపోతే బాగుండుననిపిస్తోందా అన్నది చివరి ప్రశ్న. ఆవిడ టిక్కు "దాదాపు రోజూ" దగ్గరుంది.

నేను చూడటం ఆవిడ చూసింది.

"ఏంటి టీచరుగారూ, కాపీ కొడుతున్నారా?"

"కొట్టక్కర్లేదమ్మాయ్. నా జవాబూ అదే."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "అయితే రాయండి మరి," అంది మెల్లగా. "నేనూ ఇవాళే రాశాను. నవ్వలేక చస్తున్నానండీ."

నర్సమ్మని పిలిచి ఇంకో కాగితం అడిగాను. నింపి ఇచ్చాను. నర్సమ్మ చదివి, కుర్చీ లాక్కుని మా ఇద్దరి మధ్యా కూర్చుంది. ఆ పూటే మనసు డాక్టరుని పిలిపించింది. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి దిగులు కూడా తోడొస్తుందట. దానికీ వైద్యం ఉందట. "ఇంతకాలం ఎందుకు చెప్పలేదమ్మా?" అని నర్సమ్మ అడిగితే, "మీరు నెలనెలా అడిగారు, నేనే అబద్ధం రాశాను" అన్నాను. ఇంటికొచ్చి మాత్రల డబ్బా కోడలి చేతికిచ్చాను, ఎందుకో చెప్పి మరీ. పిచ్చిపిల్ల ఏడ్చింది. తర్వాత నా మంచం పక్కనే పక్క వేసుకుంది.

ఇంత జరిగినా నాకంటే ముందు ఆవిడే నిజం రాసిందన్న కుళ్లు మాత్రం పోలేదు.

వచ్చే బుధవారం మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఫోన్ చెయ్యకు, "బాగున్నాను" అనేస్తాను. నువ్వు రానక్కర్లేదని రాసి, కొట్టేశాను.

రా.

ఇట్లు,
ఒక్క కాగితం నింపడానికి ఏడాది తీసుకున్న
మీ అమ్మ