తాత చేతులు వణకలేదు

బిట్టర్‌రూట్ లోయ, మోంటానా

వెర్న్ గారికి,

గురి తప్పుతోందని మా తాత ఆర్లోను తుపాకీ క్లబ్బు నుంచి వెళ్ళగొట్టింది మీరే. "ఆర్లో, నీ చేతులు పోయాయోయ్, ఇక వెళ్ళి చేపలు పట్టుకో" అని అందరి ముందూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చి తన పెద్ద రివాల్వర్‌ని నూనెగుడ్డలో చుట్టేశాడు. తన చేతుల మీద నమ్మకం పోయి, కాఫీ కప్పు కూడా అమ్మ పట్టుకుంటేనే తాగేవాడు. అలాగే మార్చిలో పోయాడు.

నిన్న ఆ రివాల్వర్ బయటికి తీశాను. క్లబ్బులో తాతతో సహా అందరికీ మీరు పోతపోసి ఇచ్చిన సీసపు గుండ్లని, తూటాలు పెట్టే దాని సిలిండర్ రంధ్రాల్లో ముందువైపు నుంచి వేసి చూశాను. నెట్టకుండానే జారి కిందపడ్డాయి! గుండు ఎంత లావు పోయాలో తేల్చడానికి తుపాకీ గొట్టం కొలత చాలన్నారు మీరు. తూటాలు ఇంట్లో నింపుకునేవాళ్ళ కోసం వేసిన ప్రతి చిన్న పుస్తకమూ మొత్తుకునేది ఒక్కటే: ముందు గుండు బయటికొచ్చే సిలిండర్ మూతి కొలవాలి, గుండు వేలితో నెడితే బిగువుగా దూరాలి. వదులైతే ఎవరి గురీ నిలవదు.

వెంట్రుకవాసి లావుగా గుండ్లు పోశాను. గురి అట్ట మీద కాలిస్తే అన్నీ ఒక్కచోటే దిగాయి. ఆ అట్ట పట్టుకుని ఇంటిదాకా పరిగెత్తాను. చూపిద్దామంటే తాత కుర్చీ ఖాళీగా ఉంది.

ఆయన రివాల్వర్ మీ చేతికే ఇస్తాను. మీ గుండ్లతోనే కాల్చండి. గురి తప్పినా, మీ చేతులు పోయాయని నేననను. శనివారం పొద్దున పదింటికి, ఆరోజు నవ్విన వాళ్ళందరినీ వెంటబెట్టుకుని క్లబ్బు కాల్పుల మైదానానికి రండి.

ఆర్లో మనవరాలు