స్ట్రైక్ అంటే తెరచాప దించడం

బాపూ,

ఈ రోజు నీ సంవత్సరీకం. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు ఎప్పుడో ఆగాయి, రైల్ రోకోతో ఇవాళ రైళ్లూ ఆగాయి. జనగామ నుంచి డోర్నకల్‌లో మన ఇంటికి రాలేకపోయాను. తోచక నీ పాత డిక్షనరీలో స్ట్రైక్ అన్న మాట తీశాను.

నీ సిగ్నల్ క్యాబిన్‌కు నేను అన్నం తెస్తే, ముందు ఇందులో ఒక మాట పుట్టుక చదివించేవాడివి. రెండు ముద్దలు తినేలోపు బండి వచ్చేది, నువ్వు లేచేవాడివి.

స్ట్రైక్ అంటే మొదట్లో తెరచాప దించడమట. కూలి పెంచమని లండన్ రేవులో నావికులు తెరచాపలు దించి ఓడలను ఆపేశారు. పని ఆపడానికి ఆ పేరు అలా వచ్చింది. నీకు వింతగా ఉండేది. నువ్వు సిగ్నల్ స్తంభం చెయ్యి దించితేనే కదా బండి కదిలేది.

మధ్యాహ్నం అమ్మకు ఫోన్ చేశాను.

“ఇంట్ల లేను బిడ్డా. అందరం పట్టాల మీద వంటావార్పు చేస్తున్నం.”

“మరి బాపుకు?”

“గీడనే పెట్టిన. క్యాబిన్ ముంగట, పట్టాల నడుమ విస్తరేసిన.”

“పట్టాల మధ్యనా?”

“ఇయ్యాల బండ్లు లేవు గద,” అంది అమ్మ. “నిమ్మళంగ తింటడు.”