మనాగువాలో ఒక రోజు ఎక్కువ

శాన్ హోసే

అత్తయ్యకు,

మీ కోడలు దామారిస్ నమస్కారాలు. నేను ఇక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. మీరూ, మన పాప మార్బెలీ, ఆ కుంటి కోడిపెట్టా అందరూ కులాసా అని మీ ఉత్తరంలో చదివాక ఆ పూట అన్నం సహించింది.

మీరడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. చిక్కిపోలేదు. ఇక్కడ చలికి ఆకలి ఎక్కువ. హోటలు వంటింట్లో నా పని కూరగాయలు తరగడం, రొట్టెలు కాల్చడం. మన వైపు రొట్టె మందం కదా, పెద్ద వంటావిడ మొదటి రోజే ఒకటి చేతిలో పట్టుకుని చూసి, "ఇది తినడానికా, కాలికి తొడుక్కోవడానికా?" అంది. ఇప్పుడు మిగిలినవన్నీ తనే మూట కట్టుకుని ఇంటికి పట్టుకుపోతోంది. మార్బెలీకి పన్ను కదులుతోందని రాశారు. దారం కట్టి లాగకండి, దానంతటదే ఊడుతుంది. మీ మోకాలికి మందు పంపిస్తున్నాను. వాసన బాగాలేదని పక్కన పడేయకుండా రాసుకోండి.

ఇక మీరు రెండు ఉత్తరాల్లోనూ అడిగిన మాట. ఇక్కడికి వచ్చే దారిలో మనాగువాలో బస్సు ఆగేది ఒక్క రాత్రే కదా, ఇంకో రోజు ఎందుకు ఉండిపోయావు అని.

బస్సు మధ్యాహ్నం దాటాక మనాగువాలో దింపింది. మళ్ళీ తెల్లవారగానే బయలుదేరాలి. బస్సుల దగ్గరే దోన్యా అసుసేనా అనే ఆవిడ గదులు అద్దెకిస్తుంది. ఒంటరిగా వచ్చిన ఆడదాన్ని కదా, పైనుంచి కిందికి చూసి, మొగుడేడీ అని అడిగింది. మనం అందరికీ చెప్పే మాటే చెప్పాను, సముద్రం మీద ఉన్నాడని. "అంతేలే తల్లీ, అందరి మొగుళ్ళూ ఎక్కడో ఒకచోట ఉంటారు, ఇంట్లో తప్ప," అని తాళం చేతిలో పెట్టింది. మనిషి మంచిది. చిక్కుడు గింజలు కలిపిన అన్నం, వేయించిన అరటికాయ పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది.

అత్తయ్యా, ఇక్కడి నుంచి మార్బెలీ చేత చదివించకండి. దాన్ని ఆడుకోవడానికి పంపించి, కళ్ళజోడు పెట్టుకుని మీరే చదవండి.

నికానోర్ మనాగువాలో కుర్చీలు చేసుకుని బతుకుతున్నాడని, నేను బయలుదేరే ముందు మన రేవులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. మీకు చెప్పలేదు. ఆ పేరు మన గుమ్మంలో పలకనివ్వరు కదా. మన ఇసౌరోతో చేపలకు పడవలో వెళ్ళి, ఏదో ఓడ వాళ్ళు చేరిస్తే తనొక్కడే తిరిగొచ్చినవాడు. మొదటి రాత్రే పడవ తిరగబడిందనీ, ఇసౌరో దూరంగా కనిపించిన ఓడ దీపం వైపు ఈదుకుంటూ పోయాడనీ, తర్వాత తనకు కనబడలేదనీ రేవులో అందరి ముందూ చెప్పాడు. "ఒక్కడివే రావడానికి కాళ్ళెలా వచ్చాయిరా నీకు?" అని మీరడిగారు. ఆ వారంలోనే ఊరొదిలిపోయాడు. ఆ రోజు నుంచి రేవుకు ఏ ఓడ వచ్చినా మీరు వెళ్ళి, నా కొడుకు ఎక్కడైనా కనిపించాడా అని అడుగుతూనే ఉన్నారు.

ఆ సాయంత్రం అతన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. మనాగువాలో అడ్రసు అంటే, పాత సినిమా హాలు దగ్గర నుంచి సరస్సు వైపు రెండు వీధులు అంటారు. ఆ హాలు భూకంపంలో పోయిందని నలుగురిని అడిగాక తెలిసింది. నికానోర్ ఒక పాకలో ఊగుడు కుర్చీకి అల్లిక అల్లుతూ కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఒక కుర్చీ తుడిచి నా ముందుకు జరిపాడు. నేను కూర్చుని, నిజం చెప్పమని మాత్రమే అడిగాను.

పడవ తిరగబడలేదట, అత్తయ్యా. ఇంజను చెడిపోయిందట. నీటి ప్రవాహం వాళ్ళను అఖాతం దాటించి మహాసముద్రంలోకి లాక్కుపోయింది. ఉన్న మంచినీళ్ళు చెరో గుక్కా తాగుతూ వచ్చారు. అవి అయిపోయాక ఎన్ని రోజులు గడిచాయో అతనికి తెలియదు. ఇసౌరోకు జ్వరం వచ్చింది. నికానోర్ తన చొక్కా తడిపి తలకు కట్టి, ఎండ తగలకుండా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. ఆ ఒళ్ళోనే ప్రాణం పోయింది. ఒక రోజంతా అలాగే పట్టుకుని కూర్చుని, తనకు వచ్చిన ప్రార్థనలన్నీ చెప్పి, సముద్రానికి అప్పగించాడు.

"మర్నాడు వాన పడింది, వదినా," అన్నాడు. "దోసిళ్ళతో తాగాను. వాడు నీళ్ళు లేక పోయాడు, నేను కడుపు నిండా తాగాను. వాడు చచ్చిపోయాడని చెబితే ఆ వాన సంగతి కూడా చెప్పాలి. ఆ తల్లికి ఏ నోటితో చెప్పను?"

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్ళు మా అత్తయ్యను ఓడల చుట్టూ తిప్పావని అన్నాను, ఇంకా చాలా అన్నాను. అతను తల వంచుకుని అల్లుతూనే ఉన్నాడు. లేచి వచ్చేశాను.

తెల్లవారి మూటతో బస్సు దగ్గరికి వెళ్ళాను. అందరూ ఎక్కారు. డ్రైవరు నన్ను రెండుసార్లు పిలిచాడు. నేను ఎక్కలేదు. ఇసౌరో ఆఖరి మాట ఏమిటో నేను అడగనే లేదు. అది తెలియకుండా వస్తే మీ ముందుకు ఎలా రాను? బస్సు వెళ్ళిపోయింది. దోన్యా అసుసేనా మళ్ళీ అదే తాళం ఇచ్చింది.

మళ్ళీ నికానోర్ దగ్గరికి వెళ్ళాను. ఈసారి అతని పక్కనే పీట మీద కూర్చున్నాను. అడిగితే చెప్పాడు. ఆఖరి రోజున ఇసౌరోకు తను పడవలో ఉన్నట్టు తెలియలేదట. మన వంటింట్లో, మీ ఎదురుగా కూర్చున్నట్టే మాట్లాడాడట. మీరు చేసే ఆలుచిప్పల పులుసు గురించి. "అమ్మా, నిమ్మకాయ ఎక్కువ పిండావు," అని అలిగాడట. మళ్ళీ తనే, "పర్లేదులే, వడ్డించు" అన్నాడట. తర్వాత నా పేరు, పాప పేరు పిలిచి, నిద్రపోయినట్టే పోయాడట.

అప్పుడు ఏడ్చాను, అత్తయ్యా. ఆ పీట మీదే కూర్చుని సాయంత్రం దాకా ఏడ్చాను. నికానోర్ కూడా ఏడ్చాడు. ఆ వాన నీళ్ళు తాగడం తప్పు కాదని అతనికి చెప్పాను. నువ్వు తాగకపోతే ఈ మాట నాకు చెప్పేవాళ్ళెవరు అన్నాను. అతను నమ్మాడో లేదో తెలియదు. నేను మాత్రం నమ్మే అన్నాను.

మీకు రాయొద్దనే అతను బతిమాలాడు, ఆశ ఉండనీ వదినా అని. నేనూ ఇన్ని వారాలు కలం పట్టుకుని పక్కన పెట్టాను. కానీ మొన్న మీ ఉత్తరంలో, జ్వరంతోనే రేవుకు వెళ్ళాననీ, పనామా నుంచి వచ్చిన ఓడ వాళ్ళు కసురుకున్నారనీ రాశారు. ఇక దాచడం నాకు చేతకాలేదు. ఆశ మిమ్మల్ని బతికిస్తోందని అనుకునేదాన్ని. అది మిమ్మల్ని ఎండలో నిలబెడుతోంది.

ఇకమీదట ఓడల దగ్గరికి వెళ్ళకండి. పోయినవాళ్ళకు చేసేవని ఇన్నాళ్ళూ మీరు వద్దన్న తొమ్మిది రోజుల ప్రార్థనలు ఇప్పుడు పెట్టుకుందాం. హోటల్లో సెలవు అడిగాను, ఇస్తామన్నారు. పాపకు నేను వచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం. అందాకా పక్కింటి కన్సోర్సియాను మీ దగ్గర పడుకోమనండి.

నికానోర్ కూడా వస్తానన్నాడు. లోపలికి రాడట, వీధిలో నిలబడి ప్రార్థన విని వెళ్ళిపోతాడట. మీ ఒళ్ళో పెరిగినవాడు అతని ఒళ్ళో పోయాడు, అత్తయ్యా. అతన్ని వీధిలో నిలబెట్టాలో, లోపల కుర్చీ వేయాలో మీ ఇష్టం. ఏమీ రాయకపోయినా నేను బయలుదేరి వస్తున్నాను.

ఇట్లు,
మీ కోడలు, ఇప్పుడే కాదు ఎప్పటికీ,
దామారిస్