పూజగదిలో కార్బ్యురేటర్

విశాఖపట్నం, 1979. దీపావళికి మూడు రోజుల ముందు.

ఈ విషయంలో తీర్పు చెప్పదగిన అధికారులెవరో నాకు తెలియదు. వారెవరైనా సరే, వారి సముఖానికి సవినయంగా విన్నవించుకుంటున్నది ఏమనగా:

నాలుగు గోనెసంచుల్లో విడిభాగాలుగా నేను కొన్న పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారును పాతనగరం మెకానిక్ మస్తాన్ గారు ఏడాదిగా తిరిగి కారుగా కూర్చుతూ వచ్చారు. దసరా తర్వాత దాని కార్బ్యురేటర్ కనిపించలేదు. విశ్వవిద్యాలయంలో తర్కం చదివినవాణ్ణి కనుక దొంగ ఎవరో తక్షణమే నిర్ధారించాను. షెడ్డులో అందరూ వింటుండగా, "ఏ పాత సామాన్ల కొట్లో అమ్మావు?" అని అడిగాను.

ఆయన నూనె చేతులు తుడుచుకున్నారు. "నాను ముప్పయ్యేళ్ళుగా బళ్ళు ఇప్పుతన్నాను బాబూ. ఒక్క నట్టు ఇంటికి అట్టుకెళ్ళలేదు. మీ కారు మీరే బిగించుకోండి."

ఈరోజు పండుగకని పూజగది కడుగుతూ మా ఆవిడ పిలిచింది. "ఏవండీ, అమ్మవారి పటం వెనకాల ఇదేంటండీ?"

పసుపు, కుంకుమ, ఎండిన బంతిపువ్వుతో కార్బ్యురేటర్. ఆయుధపూజకు కారంతా తేలేక, దాని గుండెకాయ అని చెప్పి నేనే తెచ్చి పెట్టి, మరిచిపోయాను.

"మస్తాన్ గారికి చెప్తారు కదా?" అంది.

సాయంత్రం షెడ్డు దాకా వెళ్ళి, జనం ఉన్నారని వెనుదిరిగాను. నింద వేసిన రోజున ఆ జనం నాకు అడ్డు కాలేదు. దాన్ని గోనెసంచి అడుగున పెట్టేసి, అక్కడే దొరికిందంటే సరిపోతుందని కూడా ఆలోచించాను.

కావున నాపై నేనే దాఖలు చేస్తున్న డిమాండు:

నం. 1. రేపు షెడ్డు నిండా మనుషులున్న వేళ, బొట్టు తుడవకుండా కార్బ్యురేటర్‌ను తీసుకువెళ్ళి, అది ఎక్కడ దొరికిందో, ఆనాడు నింద వేసినంత గట్టిగా చెప్పవలెను.