మత్తు దిగినంక

అత్తమ్మా,

ఇయ్యాల సూర్యాపేట దవాఖానల నీ మనవరాలికి చీలిన అంగిలి ఆపరేషన్ మళ్లొకసారి అయింది. "ఇన్నిసార్లు మత్తిస్తే పిల్ల మెదడు మొద్దుబారదా?" అని నువ్వు లొల్లి పెట్టేదానివి కదా, నేనూ అదే అడిగిన.

"ఒక్కసారికైతే భయం లేదమ్మా. మళ్లమళ్ల ఇస్తే ఏమయితదో ఖాయంగా చెప్పలేం. చెయ్యకుంటే మాత్రం మాట సక్కగ రాదు" అన్నడు డాక్టర్. ఇగ సంతకం పెట్టిన. భయపడేందుకు గూడ ఓపిక లేదు అత్తమ్మా.

మత్తు దిగినంక, పోయినసారి నువ్వు అడిగినట్టే, మన గొర్రెల పేర్లు అడిగిన. నల్లదాని పేరు, కుంటిదాని పేరు, అన్నీ ముద్దముద్దగ చెప్పింది. పానం కుదుటపడ్డది.

అప్పుడు తలుపు దిక్కు సూసి, "నాయనమ్మ ఇంక రాలే?" అన్నది.

నువ్వు సచ్చిపోయిన సంగతి ఒక్కటే మర్చిపోయింది. నేను దానికి యాది చెయ్యలే.